పరుపుకు అవతలి గొంతు

మా వ్యాపారానికి వానాకాలం చచ్చిన కాలం. ముసురు పట్టినప్పుడు పరుపు కొనేవాడెవడూ ఉండడు. కొన్నా ఇంటికి చేరేలోపు తడుస్తుందని భయం. మిల్లువాళ్ళు ధర దించేది కూడా అప్పుడే. కాబట్టి ఆ నెలల్లో సరుకు దించుకుని గోడౌను కప్పుదాకా నింపుతాను, వానలు తగ్గగానే అమ్ముకుంటాను. ఆ ఏడాది గోడౌను అలా నిండి ఉన్నప్పుడే పళ్ళాయన మా కొట్టుకొచ్చాడు.

ఆ పేరు తర్వాత నేను పెట్టింది. కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన పని. ఆ రోజుకు మాత్రం నా కళ్ళకు ఓ బక్కపలచని మనిషి, నెరిసిన జుట్టు వెనక్కి ముడేసుకున్నవాడు. గొడుగు గుమ్మంలో ఆరబెట్టి, "పరుపులు బాగా ఎక్కువగా ఎక్కడుంటాయి సార్?" అన్నాడు.

కొనడానికి వచ్చినవాడు రకం అడుగుతాడు, ధర అడుగుతాడు, ఎన్నాళ్ళు మన్నుతుందని అడుగుతాడు. ఇదేం బేరమో చూద్దామని వెనకున్న గోడౌనులోకి తీసుకెళ్ళాను. దొంతరల మధ్య సందులో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరిచాడు. తల వంచి విన్నాడు.

"చచ్చిపోయింది," అన్నాడు మురిసిపోతూ.

"ఏది?"

"శబ్దం సార్. పుట్టిన చోటే చచ్చిపోయింది. ఇలాంటి గది కోసం ఊరంతా తిరిగాను."

మర్యాదగా బయటికి దారి చూపిద్దామనుకుంటుండగా, కౌంటరులో ఉన్న మా ఆవిడ ఆ మాటలు విని లోపలికొచ్చింది. మా ఆవిడ మెల్లగా మాట్లాడే మనిషి. బేరానికొచ్చినవాళ్ళు ఆమె మాట వినడానికి ముందుకు వంగుతారు, అలా వంగినవాళ్ళు ఇక ఉత్త చేతులతో పోరు. మా కొట్టు సగం ఆ గొంతు మీదే నడుస్తుంది. హమాలీలను "అన్నా" అంటుంది, నన్ను "ఏవండీ" అంటుంది, ఎవర్నీ ఒక్క పొల్లు మాట అనదు.

అలాంటి మనిషి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్ సన్నాసీ! నువ్వింకా చావలేదా?" అంది.

"నువ్వు బతికున్నావని తెలిసి ఆగానే పిశాచీ," అన్నాడాయన.

ఇద్దరూ పగలబడి నవ్వారు. నా కొట్టులో ఏ సరుకు ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ నవ్వు ఇన్నేళ్ళూ ఏ మూల ఉండిందో నాకు తెలియదు.

పెళ్ళికి ముందే చెప్పింది తను. "నేను కొన్నాళ్ళు పాడాను, మానేశాను," అంది. ఏం పాటలని నేను అడగలేదు. అందరూ పాడే పాటలే అనుకున్నాను. మూట విప్పి చూడకుండా సరుకు దించుకోవడం నా జన్మలో అదొక్కసారే.

పళ్ళాయన టీ తాగుతూ మూట విప్పాడు. వాళ్ళదొక బ్యాండు. డెత్ మెటల్ అంటారట, చావుల గురించీ సమాధుల గురించీ పాడే పాటలట. బ్యాండు పేరు మా అమ్మ ముందు నేను ఇప్పటికీ పలకను. గిటారు ఈయన, డ్రమ్ములు ఇంకొకాయన, గొంతు మా ఆవిడ. అప్పట్లో రెండు క్యాసెట్లు తీసి, ఎవరి బతుకుల్లోకి వాళ్ళు పోయారు. ఇన్నేళ్ళకు ఎవరో కుర్రకారు ఆ క్యాసెట్లను తవ్వి తీసి ఇంటర్నెట్లో పెట్టారు. ఎక్కడెక్కడివాళ్ళో విన్నారు. ఒక చిన్న కంపెనీ కొత్త ఆల్బం చేసిమ్మంది. స్టూడియో పెట్టుకునే స్తోమత వీళ్ళకు లేదు. పరుపుల గోడౌను దొరికితే అది ఏ స్టూడియోకూ తీసిపోదు.

"గొంతుకు ఇంకెవరినైనా చూసుకోవచ్చుగా?" అన్నాను.

"ఆమె లేకపోతే మేం బ్యాండు కాదు సార్. ఇద్దరు ముసలాళ్ళం."

మా ఆవిడ నా వైపు చూసింది. "మీ ఇష్టం," అంది. ఆ రెండు మాటలూ ఎంత బరువున్నాయో చేత్తో ఎత్తి చూసినట్టు తెలిసింది నాకు.

లెక్క వేశాను. కాదంటే ఇంకెక్కడో పాడతారు, అక్కడ నేనుండను. ఔనంటే నా కప్పు కింద, నా కళ్ళ ముందు. అద్దె తీసుకున్నామంటే అద్దెకున్నవాడికి తలుపేసుకునే హక్కు వస్తుంది. ఊరికే ఇచ్చినవాడు ఎప్పుడైనా తొంగి చూడొచ్చు.

"అద్దె మాట ఎత్తకండి. మా ఇంటి మనిషి పాడుతుంటే అద్దేమిటి?" అన్నాను.

నా పెద్దమనసుకు పళ్ళాయన చేతులు జోడించాడు. మా ఆవిడ మాత్రం అదోలా చూసింది. నేను ఏ బేరం ఎందుకు ఒప్పుకుంటానో ఆమెకు బాగా తెలుసు.

డ్రమ్ములాయన స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున పిల్లల్ని దించినప్పటి నుంచి సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా ఖాళీ. రోజూ ఆ పసుప్పచ్చ బస్సు మా గోడౌను ముందు ఆగేది. నడుం నొప్పి మనిషి. మొదటి రోజే ఆయనకో గట్టి ఫోము పరుపు అంటగట్టాను, అది వేరే సంగతి. ఆయన కాలితో డ్రమ్ము తన్నగానే ఓ మూలనున్న స్ప్రింగు పరుపులన్నీ జుమ్మని శ్రుతి అందుకున్నాయి. "వీటికి బ్యాండులో చోటు లేదు," అని పళ్ళాయన వాటన్నిటినీ వరండాలోకి మార్పించాడు. ఇక మిగిలిన చిక్కు రేకుల కప్పు. వాన పడితే పని ఆగాల్సిందే.

ఆ రోజు వాన లేదు. డ్రమ్ములు, గిటారు ఎలాగో ఓర్చుకున్నాను. తర్వాత అది మొదలైంది. దాన్ని గ్రౌల్ అంటారని కాలేజీలో చదివే మా అమ్మాయి చెప్పింది. భూమి అడుగున ఎవరో పెద్ద బండరాయిని ఈడుస్తున్నట్టు, ఈడ్చినందుకు ఆ రాయికి కోపమొచ్చినట్టు. మనిషి గొంతే అని తెలుస్తోంది, ఏ మనిషిదో తెలియడం లేదు. కొట్టు పైనే మా ఇల్లు. మా అమ్మ మేడ మెట్ల మీంచి వంగి కేక పెట్టింది.

"ఒరేయ్, గోడౌనులో ఎవర్నో చంపేస్తున్నార్రా! కోడలు కూడా అక్కడే ఉంది, పోయి చూడరా!"

"చంపేది నీ కోడలేనే అమ్మా."

"ఎవర్నిరా?"

దానికి నా దగ్గర జవాబుంది. చెప్పలేదు.

వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని నిలబడి ఉంది. మొహంలో కష్టం లేదు, కోపం లేదు. ఆ రాయి మాత్రం లోపలి నుంచి దొర్లుకుంటూ వస్తోంది. పాట ఆగాక పెదాలు తుడుచుకుని, రోజూ నన్ను అన్నానికి పిలిచే గొంతుతో, "ఇంకోసారి చేద్దామా?" అంది.

ఇన్నేళ్ళ కాపురంలో నాతో పోట్లాడింది కూడా మెల్లగానే. కోపమొస్తే ఇంకా మెల్లగా. ఇంత సొమ్ము లోపల దాచుకుని నాకు ఇన్నాళ్ళూ చిల్లర ఇస్తూ వచ్చిందన్నమాట.

అప్పటి నుంచి గోడౌను చుట్టూ నా ప్రదక్షిణలు మొదలయ్యాయి. పళ్ళాయన ఆమెకు గోరువెచ్చని నీళ్ళు చిన్న ఫ్లాస్కులో తెచ్చేవాడు. నేను పెద్ద ఫ్లాస్కు కొన్నాను. ఆమెకు ఊపిరి అయిపోవస్తోందంటే ఆయనకు ముందే తెలిసేది. తలెత్తకుండా గిటారు వాయిస్తూనే కొంచెం నెమ్మదించేవాడు, ఆమె గుక్క తిప్పుకోగానే అందుకునేవాడు. నాకైతే ఆమె ఊపిరి పీలుస్తుందన్న సంగతే అంతకుముందు గుర్తు లేదు.

"నాన్నా, కుళ్ళుకుంటున్నావా?" అంది అమ్మాయి.

"నా గోడౌను, నేను చూసుకోవద్దా?"

"మరి గోడౌనుకు నీళ్ళెందుకు తాగిస్తున్నావు?"

అమ్మాయికి వాళ్ళ నాయనమ్మ నోరు వచ్చింది.

ఓర్చుకోలేక ఒక రోజు పళ్ళాయన పనిచేసే చోటికే వెళ్ళాను. మా అమ్మ కట్టుడు పళ్ళు వదులయ్యాయన్న సాకు. వాటిని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని వెళ్ళాను. ఇరుకు గది. బల్ల నిండా సున్నపు దవడలు, వరసగా నోళ్ళు తెరుచుకుని. ఆయన ఓ చిన్న దీపం దగ్గర గులాబి రంగు మైనం కరిగిస్తున్నాడు.

"మా ఆవిడ అప్పట్లోనూ ఇలాగే పాడేదా?" అన్నాను.

"ఇంతకంటే ఘోరంగా పాడేది. జనం మొదటి వరస ఖాళీ చేసేవాళ్ళు."

"అప్పట్లో మీరిద్దరూ..." అని ఆగిపోయాను.

ఆయన మైనం పక్కన పెట్టి నా మొహం చూశాడు. తర్వాత నవ్వాడు. "బావగారూ, అన్నను కాకపోతే దాని నోటి వెంట అన్ని మాటలు పడేవాణ్ణా?"

సార్ పోయి బావగారు వచ్చింది. ఇంకో మగవాడికైతే అక్కడితో లెక్క తేలిపోవాలి, తేలిగ్గా ఇంటికి రావాలి. నాకు తేలలేదు. ప్రియుడైతే కాలర్ పట్టుకోవచ్చు. బావమరిదిని ఏం చేస్తాం? అయినా నా బాధ ఈ మనిషి కాదు. నాకు తెలియని గొంతు ఈయనకు తెలియడం.

"ఆ గొంతు ఎక్కడి నుంచి తెస్తుందండీ?"

"అందరూ కోపంలోంచి అనుకుంటారు. కోపంతోనో భయంతోనో అరిస్తే గొంతు చిరిగిపోతుంది బావగారూ. లోపల అంతా వదులుగా ఉండాలి. బెదురు లేని చోటే అది వస్తుంది."

మా అమ్మ పళ్ళు ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. బెదురు లేని చోట. అంటే నా ఇంట్లో ఇన్నేళ్ళూ రాకపోవడానికి కారణం ఆయన చెప్పేశాడు, తనకే తెలియకుండా.

వాన పడితే నాకు మొదట్లో సంతోషంగా ఉండేది. రేకుల మీద చినుకు పడగానే మైకులు ఆపేసేవాళ్ళు. ఆ సంతోషమూ నిలవలేదు. పని ఆగితే కబుర్లు మొదలయ్యేవి. ఆల్బం సగానికి వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురుస్తోంది. ముగ్గురూ ఒక దొంతర మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. నేను ఫ్లాస్కుతో వెళ్ళేసరికి బస్సాయన అంటున్నాడు.

"ఆల్బం వచ్చాక ఊళ్ళు తిరిగి వాయించాలంటున్నారు కంపెనీవాళ్ళు. చలికాలమంతా. నాకు సెలవిస్తారో లేదో."

"నా దగ్గర పళ్ళు కట్టించుకునే ముసలాళ్ళు చలికాలమంతా నమలకుండా మింగుతారులే," అన్నాడు పళ్ళాయన. "ఏమే పిశాచీ, మరి నీ సంగతి?"

చలికాలం మా సీజను. కొట్టులో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. కుదరదంటుందని చూస్తున్నాను. ఆమె వాన వైపు చూస్తూ, "చూద్దాం," అంది. నాకు ఆ మాట తెలుసు. "మళ్ళీ వస్తాం" అన్న మనిషి రాడు. "చూద్దాం" అంటూ సరుకు మీంచి చెయ్యి తీయని మనిషి కొంటాడు.

ఊరి చివర నర్సింగు కాలేజీవాళ్ళు కొత్త హాస్టలు కట్టారు. తెరిచేది వానలు వెలిశాకే. అప్పటిదాకా ఆగితే మంచి ధర పలికేది. మర్నాడే నేను వెళ్ళి, బాగా తగ్గించి చెప్పి, ఇప్పుడే ఎత్తుకెళ్ళాలని షరతు పెట్టాను. వార్డెను నన్ను అనుమానంగా చూసింది.

"అమ్మేవాళ్ళు ఇంత తొందరపడటం నేనెక్కడా చూడలేదండీ."

"గోడౌను ఖాళీ చేసుకోవాలమ్మా," అన్నాను. అందులో అబద్ధం లేదు.

ఇంటికొచ్చి కౌంటరు దగ్గరే మా ఆవిడకు చెప్పాను. "హాస్టలు ఆర్డరు దొరికింది. ఫోము మొత్తం వెళ్ళిపోతుంది." చెప్పి అక్కడే నిలబడ్డాను. అరుస్తుందని. అరవాలనే. ఆ గొంతులో ఒక్క ముక్క నా మీద పడితే చాలని.

ఆమె రాస్తున్న చెయ్యి ఆగింది. "లారీలు ఎప్పుడొస్తాయో చెప్పండి, టార్పాలిన్లు తీయించి పెడతాను," అంది. వినడానికి నేనే ముందుకు వంగాల్సి వచ్చింది.

లారీలొచ్చిన రోజు హమాలీల పక్కన తనే నిలబడి లోడు ఎక్కించింది. కదిలిపోతున్న ఒక్కో దొంతరనూ అరచేత్తో తట్టి పంపింది.

ఆ తర్వాత బ్యాండు వచ్చేసరికి గోడౌనులో కవరు చిరిగిన పరుపు ఒక్కటే మిగిలింది. పళ్ళాయన మధ్యలో నిలబడి చప్పట్లు చరిచాడు. గోడలు, గచ్చు, కప్పు కలిసి ఆ చప్పుడును ఇటూ అటూ విసురుకున్నాయి.

"చావడం లేదు," అన్నాడు నీరసంగా.

"బావిలో కూర్చుని వాయించినట్టుంటుంది," అన్నాడు బస్సాయన.

ఎవరూ నా వైపు చూడలేదు. అందరికీ తెలుసు. చూసి ఒక మాట అంటే జవాబు చెప్పుకునేవాణ్ణి.

"సగం పాటలు ఒక గదిలో, సగం ఇంకో గదిలో. అతుకు కనిపిస్తుందే," అన్నాడు పళ్ళాయన. "గోడౌను మళ్ళీ నిండేదాకా కంపెనీవాళ్ళు ఆగరు. ఇక్కడితో వదిలేద్దాం."

మా ఆవిడ ఆ ఖాళీలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచింది. తన చెప్పుల చప్పుడు తనే వింటూ తిరిగొచ్చింది.

"అతుకు కనిపించనీరా. ముందు సగం పాతిపెట్టినట్టుంది. వెనక సగం పైకి లేచొచ్చినట్టు ఉంటుంది. మనం పాడేది దాని గురించే కదా. డ్రమ్ములు ఎంత మోగితే అంత మోగనీ. నా గొంతు దగ్గర మాత్రం కొంచెం చావాలి. మైకు వెనక ఆ పరుపు నిలబెడితే సరిపోతుంది."

"అది నిలబడదు. నడుం లేని పరుపు," అన్నాడు బస్సాయన, నడుం సంగతి తెలిసిన మనిషి.

అప్పుడామె నా వైపు తిరిగింది. "ఏవండీ, మీరు పట్టుకుంటారా?"

రెండు చేతులతో పరుపును కౌగలించుకుని నిలబడ్డాను. అటు ఆమె, ఇటు నేను, మధ్యన మైకు, ఫోము. పళ్ళాయనకు ఆమె మొహం కనిపిస్తోంది. బస్సాయనకూ కనిపిస్తోంది. నాకు చిరిగిన కవరు మీద మా కొట్టు ముద్ర కనిపిస్తోంది. ఆమె మొదలుపెట్టింది. నా చెంప కింద ఫోము వణికింది, ఆ వణుకు దవడలోకి, రొమ్ములోకి దిగింది. శబ్దం మాత్రం అట్టే చేరలేదు. మంచి సరుకు, మిల్లులో నేనే నొక్కి చూసి ఎంచుకున్నది, అంతా తనే తాగేసింది. నా సరుకు మీద నాకే కుళ్ళు పుట్టింది.

ఆల్బం పూర్తయ్యేదాకా రోజూ పట్టుకున్నాను. హాస్టలు ఆర్డరు గురించి ఆమె అప్పుడూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

వానలు వెలిశాయి, ఆల్బం వచ్చింది. నల్ల చొక్కాల కుర్రాళ్ళు కొట్టు వెతుక్కుంటూ వచ్చి మా ఆవిణ్ణి చూసి బిక్కచచ్చిపోయేవాళ్ళు. ఏదో ఒకటి కొనాలని దిండ్లు కొనేవాళ్ళు. వాటి మీద సంతకం అడిగితే, "కవరు మాసిపోతుంది నాయనా," అని మెల్లగా చెప్పేది. విన్నవాళ్ళు రాసింది అమ్మాయి నాకు చదివి వినిపించింది. సగం దగ్గర శవపెట్టె మూత తెరుచుకున్నట్టు ఉంటుందట, ఎలా చేశారో అంతుబట్టడం లేదట.

"నాన్నా, ఇది నీ లారీల గురించే," అంది.

చలికాలం మొదట్లో మా ఆవిడ రెండు ఊళ్ళు వెళ్ళి పాడి వచ్చింది. ఆమె లేని రోజుల్లో బేరానికొచ్చినవాళ్ళు నేను చెప్పేది నిటారుగా నిలబడి విని వెళ్ళిపోయారు. మూడో ఊరికి బయల్దేరే ముందు వారం, మిల్లు నుంచి లారీ వచ్చింది. సందు ఇరుకు. తాడు చక్రం కింద పడిందని నేను లారీ వెనక వంగి లాగుతున్నాను. డ్రైవరుకు నేను కనిపించలేదు. లారీ వెనక్కి కదిలింది. నా వీపు వెనక గోడ ఉంది.

"ఒరేయ్! తప్పుకో!"

అది గ్రౌల్ కాదు. గోడౌనులో ఆ వానాకాలమంతా విన్నదేదీ కాదు. పైనుంచి కిందిదాకా చిరిగిన అరుపు. లారీ ఆగింది. సందులో పోయే సైకిలు ఆగింది. నేను ఎప్పుడు పక్కకు దూకానో నాకు తెలియదు, తాడు మాత్రం చేతిలోనే ఉంది. మా ఆవిడ కొట్టు మెట్ల మీద, చెయ్యి ముందుకు చాపి అలాగే నిలబడి ఉంది.

మా అమ్మ మేడ మీంచి వంగింది. "ఎవర్నిరా అది ఒరేయ్ అంటోంది?"

"నన్నేనే అమ్మా," అన్నాను. ఎందుకో మళ్ళీ ఇంకోసారి, గట్టిగా, "నన్నే," అన్నాను.

ఆమె దిగి వచ్చి నా భుజాలు, చేతులు తడిమి చూసింది. ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

సాయంత్రం పళ్ళాయన పరుగున వచ్చాడు. ఆమె నోరు తెరిపించి, టార్చి వేసి లోపలికి చూసి తల పట్టుకున్నాడు.

"వారంలో షో పెట్టుకుని గొంతు ఇలా చింపుకుంటావుటే? ఆ క్యాసెట్ల రోజుల నుంచీ ఒక్కసారైనా ఇలా చేశావా? ఏం అరుపే అది?"

ఆమెకు చెప్పే గొంతు లేదు. వేలెత్తి నన్ను చూపించింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎలా ఉండింది బావగారూ?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. కానీ ఆ మొహం నాకు తెలుసు. వానాకాలమంతా రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసిన మొహం.

"ఏముంది, అందరూ అరిచినట్టే," అన్నాను.

పెద్ద ఫ్లాస్కు మూత తిప్పి, గోరువెచ్చని నీళ్ళు గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చాను.